రాజశేఖర చరిత్రము వ్రాసిన పంతులుగారు

మన భద్రాచలము నొరసికొని పారు గోదావరి పాపికొండల నడుమ నిఱుకుదారిని దూరి, పోలవరము దాటి, రాజమహేంద్రవరము చేరి, దానికి దిగువనున్న ధవళేశ్వరమునొద్ద ఆనకట్టచే నిలుపబడుచున్నది. ఆ ధవళేశ్వరమున సుమారు నూటయేబది సంవత్సరములకు పూర్వము ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా నుండిన యొక యువకుడు, పిమ్మట ఆ యూరినే కథాస్థలముగా జేసికొని తెలుగువారికి క్రొత్తదైన యొకవిధపు గ్రంథమును వ్రాసి యిచ్చెను. ఆ యువకుడే కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఆ గ్రంథము రాజశేఖర చరిత్రము.

పై తరగతుల విద్యార్థులు ఏటేట నొక నవలను జదివి దానిపై విమర్శవ్యాసము వ్రాయుట మన పాఠశాలలో వాడుక. ఈ నవలపై వ్రాయబడిన వ్యాసములు నేను పలుమాఱులు దిద్దితిని. వానిలో పెక్కింటి స్వరూప మొక్కటే. మొదటి పుటలో గ్రంథకర్త జన్మదినము, బిరుదములు, ఆయన గొప్పతనము. తక్కిన పుటలలో కథాసంగ్రహము. తుదను ఇది మిక్కిలి నీతిదాయకమైన గ్రంథమను నొక వాక్యము. చరిత్ర యొకచోట, కథ యొకచోట నుండును గాని యీ రెండును ఒకదానితో నొకటి మాటలాడుకొనవు. కావున పంతులుగారి జీవితమును, ఆ నవలను విమర్శింపబోవువారి కెట్లు పనికివచ్చునో అట్లు చెప్పుటకు బూనుకొనుచున్నాను.

పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిలు నెల 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. అప్పటికి ఆర్థరు కాటను దొరగారి యాజమాన్యమున ధవళేశ్వరపు ఆనకట్ట పని జరుగుచుండెను. అది 1847లో నారంభమై 1852లో ముగిసెను. తండ్రి సుబ్బారాయుడుగారు కుమారునకు నాలుగవయేటనే గతించిరి. తల్లి పున్నమ్మగారును, పెదతండ్రి వెంకటరత్నముగారును బాలుని పెంచిరి. శైశవమున మశూచికము వచ్చెను. దగ్గు జీవితాంతము విడువలేదు. 1861లో బాపమ్మగారితో వివాహమయ్యెను. అత్తవారింట నామెకు రాజ్యలక్ష్మి యను పేరు పెట్టబడెను. ఆ పేరును విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను. ఆమె లేకున్న నీ చరిత్రలో సగము జరిగియుండదు.

పంతులుగారి తొలినాటి రచనలను జూచినవా రెవ్వరును ఆయన నవల వ్రాయుదురని యూహింపజాలరు. యౌవనమున ఆయన రచించిన కావ్యములలో శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధ మొకటి. పేరులోనే దాని కష్టమంతయు నున్నది. సంస్కృతపదములు కూడవు; నడుమ వచనము కూడదు; పెదవులు తగులు పకార మకారాది వర్ణములు కూడవు. నలుని కథ చెప్పుచు దమయంతి పేరు పలుకరాదన్నమాట! ఆమె తండ్రియైన భీముని పేరును పలుకరాదు. ఇట్టి సాము చేయగల పండితుడు తానెంతటి పండితుడో లోకమునకు జూపుకొన్నవాడే. చిన్నయసూరిగారు పంచతంత్రమున మిత్రలాభ మిత్రభేదములను మాత్రము 1853 నాటికి వచనమున వ్రాసి విడువగా, పంతులుగారు విగ్రహమును, సంధిని ఆ ఫక్కిలోనే వ్రాసిరి. ఆ వచనము పండితులు మెచ్చదగినది. ఇంటిలో నొక వనిత దీపము ముందర గూర్చుండి తనంత తాను జదువుకొనదగినది మాత్రము కాదు.

ఆ మార్పు ఎచ్చట వచ్చెను? నా యభిప్రాయమున పాఠశాలలోనే వచ్చెను. మెట్రిక్యులేషను పరీక్ష నిచ్చిన పిమ్మట పంతులుగారు కోరంగిలోను, తరువాత ధవళేశ్వరములోను ఉపాధ్యాయులైరి. 1874లో ధవళేశ్వరమున ఆడుపిల్లల కొక పాఠశాల పెట్టిరి. ఆ యేటనే వివేకవర్ధని యను పత్రికను వెలువరింప నారంభించిరి. ఎదుట గూర్చున్న పిల్లకు అర్థము కాని మాట చెప్పి ప్రయోజనము లేదని ఉపాధ్యాయునకు ప్రతిదినమును తెలియుచునే యుండును. పత్రిక నడపువానికి సంచిక వెలువడిన ప్రతిమాఱును తెలియును. లంచములు పుచ్చుకొను నుద్యోగులను, వేశ్యాలోలురైన గొప్పవారిని, పసిపిల్లలను ముసలివారికి గట్టబెట్టు తండ్రులను పంతులుగా రాపత్రికలో పేరుపెట్టినంత స్పష్టముగా వ్రాసిరి. అట్లు వ్రాయుటకు పెదవులు కదలని భాష పనికిరాదు.

ఇచ్చట మన ప్రాంతమునకు సంబంధించిన విషయ మొకటి. ఆ 1874లోనే భద్రాచలము, రేకపల్లి తాలూకాలను మధ్యపరగణాలనుండి విడదీసి గోదావరి జిల్లాలో గలిపిరి. పిమ్మట 1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో జేరువఱకును మన తాతముత్తాతల వ్యవహారములు ఆ దిగువ గోదావరితోనే ముడివడియుండెను. కాబట్టి రాజశేఖరుని కథ దూరదేశపు కథ కాదు. పడవలలో మన వెదురును కలపయు దిగిపోయిన యూళ్లలో జరిగిన కథ.

ఇక నవల పుట్టుక. ఆంగ్లమున ఆలివరు గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన వికారు ఆఫ్ వేక్‌ఫీల్డు అను కథను పంతులుగారు మొదట తెనిగింప బూనిరి. కొంత భాగము వ్రాసి, ఆ యాంగ్లేయుల యాచారములు మనవారికి రుచింపవని తోచి, దానిని మానివేసి, స్వతంత్రముగా వేఱొక కథ నారంభించిరి. దీనిని ఆయనయే చెప్పుకొన్నారు, దాచలేదు. ఆ కథ 1878లో వివేకవర్ధనిలో భాగములుగా వెలువడి, 1880లో పుస్తక మయ్యెను. అప్పటికి నవల యను మాట తెలుగున వాడుకలో లేదు. పంతులుగారు దానిని వచనప్రబంధ మనిరి. 1872లోనే నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారు శ్రీరంగరాజ చరిత్రమును ప్రకటించి యుండిరి గావున మొదటి తెలుగు నవల యేదన్న వివాదము నేటికిని గలదు. విద్యార్థులు తమ వ్యాసములలో నీ వివాదమునకు రెండు పంక్తులకంటె నెక్కువ చోటిచ్చుట వ్యర్థము. మొదటిదైనంత మాత్రమున గ్రంథము మంచిది కాదు, రెండవదైనంత మాత్రమున చెడ్డది కాదు.

విమర్శకుడు విడువరాని ప్రశ్న మఱియొకటి యున్నది. ఇది యెరవు సొత్తా, సొంత సొత్తా? గోల్డుస్మిత్తు కథానాయకుడు ఒక గ్రామ క్రైస్తవాలయపు గురువు. సాధువు, సంసారి, లోకజ్ఞానము కొంచెము తక్కువవాడు. సొమ్ము పోయి, ఊరు విడిచి, కష్టములపాలై, చెఱసాల కేగును. చనిపోయినదని విన్న కుమార్తె తిరిగివచ్చును. మాఱువేషమున దిరుగుచున్న యొక ప్రభువు తుదను తన్ను దెలుపుకొని యందఱి కష్టములను దీర్చును. మన రాజశేఖరుడును సాధువు, సంసారి, వట్టి నమ్మికగలవాడు. అతని సొమ్మును పోవును, అతడును భార్యయగు మాణిక్యాంబతోను బిడ్డలతోను ఊరు విడుచును, చెఱసాల చూచును. దొంగలచేతిలో జచ్చినదనుకొన్న కుమార్తె రుక్మిణి పురుషవేషమున బ్రదికియుండును. రామరాజను పేర దిరుగువాడు పెద్దాపుర ప్రభువగు కృష్ణజగపతియని తేలును. ఎముకలగూడు గోల్డుస్మిత్తుదే యని యొప్పుకొనక తప్పదు. ఒప్పుకొన్నంత మాత్రమున పంతులుగారి పేరునకు భంగము లేదు. కప్పిపుచ్చబోయిన వ్యాసకర్త తన తగవును తానే పోగొట్టుకొనును.

అయితే ఆ గూటిపై గప్పిన మాంసము చూడుడు. ఆంగ్ల కథలో గురువుగారి సొమ్ము వర్తకుడొకడు పాఱిపోవుటచే నొక్క వార్తతో బోవును. రాజశేఖరుని సొమ్ము అట్లు పోదు. అది వాకిట ముఖస్తుతి చేయుచు గూర్చున్నవారి విందులలో కొంత, బంధువుల యక్కఱలలో కొంత, మూఢవిశ్వాసములలో కొంత కరగుచు బోవును. తుదకు బైరాగి యొకడు వచ్చి, స్వల్పముగా బంగారము చేసి చూపి నమ్మించి, ఇంటనున్న వెండిబంగారములన్నియు బుటములో బెట్టించి, వానితో మాయమగును. ఆ ఘట్టమును జదువునప్పుడు మోసపోవువాని యాశయు, మోసగాని యోర్పును నొక్కసారిగా గానవచ్చును. ఇది యే యాంగ్లగ్రంథమునుండియు దెచ్చినది కాదు. వివేకవర్ధని సంపాదకుడు తన చుట్టును జూచినది. జ్యోతిష్కులు, భూతవైద్యులు, గుడి మంటపములలోని ముచ్చటలు, నీళ్లరేవున స్త్రీల మాటలు, ఇవన్నియు నట్టివే. కథ యెచ్చట నుండి వచ్చెనన్నది యొక ప్రశ్న. కన్నులెవరివన్నది దానికంటె పెద్ద ప్రశ్న.

ఇప్పుడు నేను ముఖ్యముగా జెప్పదలచినదానికి వచ్చుచున్నాను. రుక్మిణి పెనిమిటి నృసింహస్వామి దేశాంతరమున మృతినొందెనను వార్త వచ్చును. ఇల్లంతయు దుఃఖమున మునుగును. ఆ చిన్నది విధవగా నెంచబడును. ఈ ఘట్టము గోల్డుస్మిత్తునందు లేదు. పంతులుగా రిచ్ఛాపూర్వకముగా దీనిని కల్పించిరి. అనగా 1878లో నీ కథ వ్రాయుచున్నప్పుడే బాలవితంతువుల సంగతి యాయన మనస్సును బాధించుచుండెనని యూహింపవచ్చును. మఱి కథలో దానికి బరిహార మేమి చూపిరి? చచ్చెనన్న భర్త చావలేదు; తిరిగి వచ్చెను. రుక్మిణి కష్టము దీఱెను. కాని నిజముగా భర్త పోయిన పిల్లల కష్టమునకు ఆ కథలో నుత్తరము లేదు. ప్రశ్నను వేసి, గ్రంథకర్త ప్రక్కకు దొలగిరి.

ఇది దోషమా? నా తరగతిలో నీ ప్రశ్న వేసినప్పుడెల్ల పంతులుగారి యందలి గౌరవముచే విద్యార్థులు నోరు మెదపరు. దోషమే యని నేననుకొందును. కాని తేదీలను వరుసగా బెట్టి చూచినయెడల ఆ దోషమే యాయన చరిత్రలో మిక్కిలి గొప్ప పుటకు ముందుపుట యగును. కథ వెలువడినది 1878. వితంతువివాహము శాస్త్రసమ్మతమని రాజమహేంద్రవరమున ఆయన మొదటి యుపన్యాస మిచ్చినది 1879 ఆగస్టు. మొదటి వితంతువివాహమును దన యింట జరిపించినది 1881 డిసెంబరు 11. కాగితముపై జేయజాలని పనిని మూడేండ్లలో నూరిలో జేసిరి. సాధారణముగా గ్రంథకర్తలు కలముతో సాహసము చేసి కాలితో వెనుకంజ వేయుదురు. ఈయన విషయమున నది తలక్రిందైనది.

ఆ వివాహ మెట్లు జరిగినదో కొంచెము చెప్పవలెను. వధువు బాలవితంతువు. వార్త పొక్కగానే నగరమంతయు నట్టుడికినట్లుడికెను. బంధువులు రాకపోకలు మానిరి. పురోహితులు వెనుకాడిరి. వంటవారు, నీళ్లు మోయువారు పని విడిచిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి బోయి నీళ్లు తెచ్చిరి. వచ్చినవారికందఱకును తామే వండి వడ్డించిరి. అల్లరి జరుగకుండ కళాశాల విద్యార్థులు కాపలా కాచిరి. కాకినాడ వర్తకులైన పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. వివాహము జరిగెను. తరువాతి నెలలు వివాహదినముకంటె కఠినములు. వెలి యనగా నేమో పట్టణములలో బెరిగిన నేటి బాలురకు దెలియదు. ఊరి బావిలో చేద వేయరాదు, పెండ్లికి బిలువరు, చావునకు రారు. పంతులుగారితో జేయి గలిపినవారిలో కొందఱు ప్రాయశ్చిత్తము చేసికొని వెనుకకు బోయిరి. వారిని నిందించుట సులభము. వారి యిండ్లలోను ముసలి తల్లులు, పెండ్లికెదిగిన పిల్లలు నుండిరి. దంపతులు మాత్రము కదలలేదు. వారికి సంతానము లేదు. తల్లిదండ్రులకు దూరమై వచ్చిన వితంతు బాలికలు ఆ యింట బిడ్డలవలె నుండిరి.

ఈ సంగతులు దెలిసిన తరువాత రాజశేఖర చరిత్రము తుదిప్రకరణములను మరల జదువుడు. మాఱువేషపు రాజు వచ్చును. అన్యాయముగా జెఱబెట్టించిన శోభనాద్రిరాజు దండింపబడును. పోయిన సొమ్ము చేరును, విడిపోయినవారు కలియుదురు. చదువుటకు హాయిగానే యుండును, కాని కష్టములు తీర్చినది మనుష్యుల తెలివియు గాదు, పూనికయు గాదు; పైనుండి దిగివచ్చిన యధికారము. 1881 డిసెంబరులో పంతులుగారి యింటికి ఏ కృష్ణజగపతియు రాలేదు. భార్య నీళ్లబిందె యెత్తుకొన్నది. నవల ముగింపు బలహీనమని వ్రాయదలచిన విద్యార్థి భయపడనక్కఱలేదు. గ్రంథకర్త జీవితమే యతని పక్షమున సాక్ష్యము పలుకును.

మఱియొక లోపమును జెప్పవచ్చును. పాత్రములు మాటలాడుచుండగా నడుమ నడుమ పత్రికాసంపాదకుని గొంతు వినవచ్చును. మూఢాచారమును గూర్చి యొకడు మాటలాడ మొదలిడిన యెడల నది సంభాషణగా నారంభమై యుపన్యాసముగా ముగియును. పుస్తకమంతయు నట్లే యున్నదన్న నన్యాయము. చెడ్డపాత్రములు మాటలాడునప్పుడు ఉపన్యాసము లేదు. ముఖస్తుతి చేయువారి పలుకులు, బైరాగి పలుకులు మిక్కిలి సహజములు. పంతులుగారికి తాము మెచ్చనివారి గొంతు బాగుగా నెక్కినది. ప్రహసనములు వ్రాసినవారిలో నిది వింత కాదు. ఇట్టి మాట చెప్పునప్పుడు పుస్తకములోని రెండు చోట్లను జూపి, పుటసంఖ్యతో జెప్పవలెను. లేనిచో నది విమర్శము గాదు, ఊఱక యనుట.

గొప్పవారిని విమర్శింపవచ్చునా యని సందేహించువారికి పంతులుగారి నడతయే చూపదగినది. ఆయన తాను యువకుడుగా నుండగనే, పెద్ద పండితులైన కొక్కొండ వేంకటరత్నముగారి విగ్రహతంత్రమును దప్పులెన్ని విమర్శించిరి. పిమ్మట తన వంతు వచ్చినది. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు రాజశేఖర చరిత్రముపై వివేకచంద్రికా విమర్శనమను పేర గ్రంథము వ్రాసిరి. వివేకచంద్రిక యనునది యీ నవలకే రెండవ పేరు. నవల యను శబ్దమును దెలుగునకు దెచ్చినవారును ఈ శాస్త్రిగారే యని సాహిత్యచరిత్రకారులు చెప్పుదురు. అనగా ఆ ప్రక్రియకు మన భాషలో బేరు పెట్టినది దానిని దూషింప వచ్చిన విమర్శకుడన్నమాట. సంఘసంస్కారవిషయమున శాస్త్రిగారును పంతులుగారును చెఱియొక పక్షము. అట్టివాని విమర్శములో కక్ష యెంత, న్యాయమెంత యని తూచుటయు నొక మంచి వ్యాసమునకు విషయమగును.

పరదేశమునందును ఈ గ్రంథమునకు ఆదరము గలిగెను. హచిన్సను అను క్రైస్తవ మతాచార్యుడు దీని నాంగ్లమున కనువదింపగా, 1887లో ఫార్చ్యూన్స్ వీల్ అను పేర లండనులో ముద్రితమయ్యెను. ఒక యాంగ్ల క్రైస్తవగురువు కథ గోదావరితీరమున బ్రాహ్మణగృహస్థుని కథయై, ఆ కథను మరల నొక యాంగ్ల క్రైస్తవగురువే తన దేశమునకు గొనిపోవుట చూచినయెడల, ఎరవు సొత్తని తీసిపాఱవేయుట యంత తేలిక కాదని తోచును. ఎరవు తెచ్చినవాని వస్తువే యైనచో దానిని మరల నెవ్వడును గొనడు గదా.

తరువాతి జీవితమును క్లుప్తముగా జెప్పెదను. రాజమహేంద్రవర కళాశాలలో ననేకవత్సరములు తెలుగు పండితులుగా నుండిరి. కొంతకాలము చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో బనిచేసిరి. 1893లో ప్రభుత్వమువారు రావుబహద్దరు బిరుద మిచ్చిరి. గలివరు యాత్రలను బోలిన సత్యరాజా పూర్వదేశయాత్రలను, ప్రహసనములను, తెలుగు కవుల చరిత్రమును, స్వీయచరిత్రమును వ్రాసిరి. కవుల చరిత్రము కొఱకు తాటాకు ప్రతులు వెదకి, కాలములు నిర్ణయించి, కట్టుకథలను ద్రోసివేసిన విధము చూచినచో, ఆధారము లేనిదే మాట చెప్పరాదను విమర్శకుని గుణ మాయనయందు నవలాకారుని గుణముకంటె నెక్కువగా నుండెనని తోచును. ఆస్తినంతయు హితకారిణీ సమాజమునకు వ్రాసియిచ్చిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు గతించిరి. స్వీయచరిత్రములో పంతులుగారు తమ పనులను గూర్చి సవిస్తరముగా వ్రాసికొన్నారు. ఆమె చేసిన పనులను గూర్చి యింకను వ్రాయవలసియుండెనని నాకు దోచును.

అప్పటికి గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికభాషను గ్రంథములలో వాడవలెనని వాదించుచుండిరి. వీరేశలింగముగారు చిరకాలము సులభగ్రాంథికమును విడువలేదు. కాని 1919లో రాజమహేంద్రవరమున వ్యావహారికభాషావాదులు సమాజము నేర్పఱచినప్పుడు దానికి అధ్యక్షత వహించిరి. పెదవులు కదలని పద్యములతో నారంభించిన కలము, ఊరివారు నోరారా బలుకు మాటల పక్షమునకు వచ్చినది. ఆ పక్షమున గ్రంథములు వ్రాయుటకు మాత్రము వ్యవధి చాలలేదు. ఆ సంవత్సరమే మే నెల 27వ తేదీన పంతులుగారు చెన్నపురిలో దేహము చాలించిరి. రాజశేఖర చరిత్రము పుస్తకమై అప్పటికి ముప్పదితొమ్మిది సంవత్సరము లయ్యెను.